ఎండాకాలం లేని నోటుబుక్కు

పిట్టలు చూడాలంటే చలికాలమే చూడాలని చాలా ఏళ్ళు నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను. కార్తీకం వెళ్ళాక రండి, సంక్రాంతి లోపు రండి, తెల్లవారేసరికి చెరువు గట్టు మీద ఉండాలి, ఎండాకాలంలో ఇక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు అని. ఈ చివరి మాట ఎంత తప్పో తెలిసేసరికి నా చేతుల మీదుగా జరగకూడనిది ఒకటి జరిగింది. ఆ తరువాత చాలా కాలానికి, రాసిపెట్టుకోవాల్సింది రాసిపెట్టుకోనందుకు ఇంకో నష్టం తెలిసొచ్చింది. రెండిటికీ మూలం ఒకటే కనుక రెండూ చెబుతాను.

నేను హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధనకు చేరినవాణ్ణి. 1974లో ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలైన విశ్వవిద్యాలయం, తరువాత గచ్చిబౌలిలో సుమారు 2,300 ఎకరాల్లోకి మారింది. అందులో భవనాలున్న చోటు కొంతే. మిగిలిందంతా రాళ్ళూ, తుప్పలూ, గడ్డీ, నీటి గుంటలూ. ఆ రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. రాళ్ళ సందుల్లో సీతాఫలం, తంగేడు, మోదుగ, తుమ్మ, వేప. బఫెలో లేక్, పీకాక్ లేక్ అని విద్యార్థులు పిలుచుకునే రెండు చెరువులు. క్లాసు నుంచి హాస్టలుకి నడిచి వెళ్తుంటే నెమలి రోడ్డు దాటే చోటు అది. నాకు పిట్టల పిచ్చి పట్టడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేకపోయింది. ఒక సీనియర్ వెళ్ళిపోతూ తన పాత బైనాక్యులర్ నా చేతిలో పెట్టాడు, అంతే.

చలికాలం ఇచ్చే ఆనందం నిజమైనదే, దాన్ని తక్కువ చెయ్యను. ఆగస్టు, సెప్టెంబరు నుంచే రాకలు మొదలవుతాయి. నీటి ఒడ్డున తోక ఆడిస్తూ తిరిగే వాగ్‌టెయిళ్ళు, ఆకుల మధ్య కంటికి ఆనని వార్బ్లర్లు, బండల మీద వాలి తోక వణికించే నల్ల రెడ్‌స్టార్టులు, నీళ్ళున్న ఏడాది సూదితోక బాతులు. కొన్ని హిమాలయాల వైపు నుంచి, కొన్ని మధ్య ఆసియా నుంచి, కొన్ని సైబీరియా నుంచి. అంత దూరం ఎగిరొచ్చిన పిట్ట మన హాస్టలు వెనక తుమ్మకొమ్మ మీద కూర్చుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా జరిగే పక్షుల లెక్కింపు ఒకటుంది. మన దేశంలో కాలేజీలూ విశ్వవిద్యాలయాలూ క్యాంపస్ బర్డ్ కౌంట్ పేరుతో అందులో పాల్గొంటాయి. ఆ నాలుగు రోజులూ మాకు పండగ. ఎవరికి కొత్త పిట్ట కనబడింది, ఎవరి జాబితా ఎంత పొడుగు అన్నదే మాట.

నా నోటుబుక్కు నిండా ఆ కొత్త పేర్లే. గోరువంక రాయలేదు. పికిలిపిట్ట రాయలేదు. కౌజు పొద్దుటా సాయంత్రం తుప్పల్లోంచి గొంతు చించుకుని కూసేది, దాన్నీ రాయలేదు. ఇవి ఎప్పుడూ ఉండేవే కదా, ఉన్నవాటిని ఏం రాస్తాం అనుకున్నాను. పాలపిట్టనైతే దసరా రోజు మాత్రం రాసేవాణ్ణి. ఆ రోజు దాన్ని చూస్తే మంచిదని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ అలవాటు. తెలంగాణ రాష్ట్ర పక్షి, కరెంటు తీగ మీద ఏడాది పొడుగునా నా కళ్ళ ముందే కూర్చునేది. నా పుస్తకంలో దానికి ఏడాదికి ఒక్క రోజే దక్కింది.

ఏప్రిల్ చివర పరీక్షలు. ఆ తరువాత అందరం ఊళ్ళకు పోయేవాళ్ళం. మళ్ళీ జూలైలో తిరిగొచ్చి, అడ్మిషన్లూ ఫీజులూ ఒక కొలిక్కి వచ్చేసరికి సెప్టెంబరు. అప్పుడు బైనాక్యులర్ బయటికి తీసేవాణ్ణి. అంటే నా ఏడాది యూనివర్సిటీ క్యాలెండరు ప్రకారం నడిచింది, పిట్టల ఏడాది కూడా అలాగే నడుస్తుందని అనుకున్నాను. దూరం నుంచి వచ్చేవి చుట్టాలు. ఇంటివాళ్ళు పిల్లల్ని కని పెంచే నెలల్లో నేను ఆ ఇంట లేనే లేను. ఉన్నన్ని నెలలు చూసి, ఇల్లంతా చూశానని చెప్పుకున్నాను.

థీసిస్ పని ముగియక ఒక ఏడాది ఎండాకాలం అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. ఏప్రిల్ మధ్యలో ఒక పొద్దున చెరువుకు కాస్త దూరంగా, కంకర పరిచిన ఖాళీ జాగాలో తీతువు గూడు కనబడింది. గూడు అంటే పుల్లలూ పీచూ ఏమీ ఉండవు. నేలలో అరచేయంత గుంట, చుట్టూ చిన్న రాళ్ళు, మధ్యలో నాలుగు గుడ్లు. బూడిద కలిసిన మట్టిరంగు మీద నల్లటి మచ్చలు. సన్నటి కొసలన్నీ లోపలికి తిప్పి, నాలుగూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. రెండడుగులు పక్కకి వేసి మళ్ళీ చూస్తే కంకరలో కలిసిపోయి కనబడవు. నా దగ్గర అప్పటికి కెమెరా కూడా చేరింది. ఇంత దగ్గర్లో, ఇంత వెలుతురులో గూడు దొరకడం అదృష్టమనుకున్నాను.

తీతువు అరిస్తే చావు కబురు వస్తుందని పల్లెల్లో అంటారు. రాత్రిపూట కూడా అరిచే పిట్ట కాబట్టి ఆ భయం పుట్టి ఉంటుంది. నేలమీద గుడ్లు పెట్టే పిట్టకు కుక్క, ముంగిస, పాము, కాకి, మనిషి అందరూ శత్రువులే, అందుకే దానికి నిద్రలోనూ కాపలాయే. ఆ పొద్దున రెండూ నా తల మీదుగా అరుస్తూ తిరిగాయి. ఒకటి నా టోపీ తగిలేంత కిందికి దూకింది. రెండోది కొంచెం దూరంలో నేల మీద వాలి, రెక్క విరిగినట్టు ఒక పక్కకు ఈడుస్తూ కుంటింది. గూటి దగ్గరికి వచ్చిన జంతువును అవతలికి లాక్కుపోవడానికి అది వేసే ఎత్తు. ఈ సంగతి పుస్తకాల్లో చదివాను, నాకు తెలుసు. తెలిసి కూడా ఆ కుంటడాన్ని ఫోటోలు తీశాను. చాలా బాగా వచ్చాయని సంతోషించాను కూడా.

ఎండ ఎక్కింది. పొదిగే పిట్ట వచ్చి గుడ్ల మీద కూర్చుంటే ఆ ఫోటో కావాలని అక్కడే నిలబడ్డాను. అది వచ్చేది, పది అడుగుల దూరంలో ఆగేది, నన్ను చూసి మళ్ళీ లేచేది. క్యాంపస్‌లో తోటపని చేసే ఒకామె, గడ్డిమోపు తలమీద పెట్టుకుని ఆ దారిన పోతూ ఆగింది.

"ఏంది బిడ్డా, పిట్ట గుడ్లకాడ నిలబడ్డవ్?"

"ఫోటో తీస్తున్నానమ్మా. ముట్టుకోను."

"ముట్టకున్నా నువ్వీడ ఉంటే అది రాదు గదా. గీ ఎండల గుడ్లు ఉడికిపోతయ్. జర అవుతలికి జరుగు, నీకు పుణ్యముంటది."

సరే అమ్మా అన్నాను. ఆమె కనబడినంత సేపు పక్కకు వెళ్ళి నిలబడ్డాను, పోయాక మళ్ళీ దగ్గరికి వచ్చాను. ఇంకొక్క పది నిమిషాలు అనుకున్నాను. ఒక తీతువు దూరంగా కుంటుతూ నన్ను పిలుస్తోంది, రెండోది నా మీదికి దూకి మళ్ళీ పైకి లేస్తోంది. అంతలో వెనక వేపచెట్టు మీంచి ఒక కాకి దిగి, తిన్నగా గుంట దగ్గరికి నడిచి, ఒక గుడ్డు ముక్కున కరుచుకుని పోయింది. మామూలు రోజుల్లో కాకిని తీతువులు ఆ చుట్టుపక్కలకు రానివ్వవు. ఆ రోజు రెండూ నాతో యుద్ధం చేస్తున్నాయి. గూటి దగ్గర ఏదో ఉందని ఆ కాకికి చూపించింది కూడా నేనే అయి ఉంటాను, అంతసేపు ఒకేచోట నిలబడి. నేను పరుగెత్తాను, కాకిని తరిమాను, గుడ్డు పోయింది. పరుగెత్తడంతో మిగిలిన మూడింటికీ నేను ఇంకా దగ్గరయ్యాను.

ఆ సాయంత్రం దూరం నుంచి చూస్తే తీతువు గుంట మీద కూర్చునే ఉంది. తరువాతి రోజుల్లో ఆ వైపు పోవడానికి మొహం చెల్లలేదు. ఎండలు ముదిరాక ఒకసారి రోడ్డు మీది నుంచే చూశాను, గుంట ఖాళీ. చుట్టుపక్కల పిల్లలతో తిరిగే తీతువు ఎక్కడా లేదు.

ఆ తోటపని ఆమె చెప్పిన మాట అక్షరాలా నిజమని తరువాత చదివి తెలుసుకున్నాను. పొదగడమంటే వెచ్చబెట్టడమని మనం అనుకుంటాం. ఏప్రిల్, మే నెలల్లో దక్కను నేల మీద గుడ్లు పెట్టిన పిట్టకు ఆ పని తిరగబడుతుంది. మధ్యాహ్నం కంకర వేడి 50 డిగ్రీలు దాటుతుంది. లోపలి పిండం బతకాలంటే గుడ్డు 40కి ఇవతలే ఉండాలి. తీతువు అప్పుడు గుడ్ల మీద పూర్తిగా కూర్చోదు. కాళ్ళు సగం వంచి, రెక్కలు కొద్దిగా దించి, గొడుగులా నీడ పడుతుంది. మధ్యమధ్య నీటి దగ్గరికి పోయి, కడుపు దగ్గర ఈకలు నానేదాకా నీళ్ళలో మునిగి, తిరిగొచ్చి ఆ తడిని గుడ్లకు అద్దుతుంది. అది వెళ్ళినప్పుడు జతది నీడ పడుతుంది. ఇలా సుమారు నాలుగు వారాలు. చెరువుకు దగ్గర్లో ఆ గూడు ఎందుకుందో నాకు అప్పుడర్థమైంది. నేను నిలబడ్డ చోటు సరిగ్గా గూటికీ నీటికీ మధ్య.

మరుసటి ఎండాకాలం నా ఇష్టంతోనే ఊరికి పోకుండా ఆగాను. కెమెరా గదిలో పెట్టి, పొద్దు పొడవకముందే బయల్దేరి, ఎండెక్కక ముందే తిరిగొచ్చేవాణ్ణి. ఖాళీ అనుకున్న కాలం ఎంత కిక్కిరిసి ఉందో అప్పుడు చూశాను. ఫిబ్రవరి, మార్చిల్లోనే బండల అరుగుల మీద కొమ్ముల గుడ్లగూబ గుడ్లు పెడుతుంది. మార్చిలో మోదుగ పూస్తే, వెళ్ళిపోయే ముందు గులాబీ రంగు గోరువంకలు గుంపులు గుంపులుగా ఆ పూల మీద వాలుతాయి. పాలపిట్ట మగది ఆకాశంలోకి నిటారుగా లేచి, అక్కణ్ణుంచి పక్కలకు దొర్లుతూ, అరుస్తూ కిందికి పడినట్టు దిగుతుంది. అప్పుడు చూడాలి ఆ రెక్కల నీలం. దసరాకు తీగ మీద కూర్చున్న పాలపిట్టలో ఆ నీలం సగం కూడా కనబడదు. ఎండిన తాటి మోడులోనో చెట్టు తొర్రలోనో గూడు పెట్టాక మే నెలంతా పురుగులు మోస్తూనే ఉంటుంది. బోడి నేల మీద భరతపక్షి జాతివి చిన్న పిట్టలు, పిచ్చుక కన్నా చిన్నవి, గాలిలోకి లేచి రాయి పడ్డట్టు పడి మళ్ళీ లేస్తూ ఆడేవి. నైట్‌జార్ రాలిన ఆకుల మధ్య నేల మీదే కదలకుండా కూర్చునేది, గుడ్లకు గుంట కూడా తవ్వదు. ఇవేవీ రాళ్ళు, తుప్పలు, బోడి నేల తప్ప ఇంకేమీ అడగవు. చెట్లు లేని నేల పనికిరాని నేల అనుకునేవాళ్ళలో అంతకు ముందు నేనూ ఒకణ్ణి.

వానాకాలంలో నా తప్పు ఇంకొకటి బయటపడింది. గిజిగాడి సంగతి. మృగశిర కార్తెలో తొలకరి పడి, గడ్డి లేచాక, నీటి గుంట మీదికి వంగిన తుమ్మచెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు మొదలుపెట్టాయి. మగపిట్ట గడ్డి ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెట్టి, ఆ గాటు పట్టుకుని ఎగిరితే పొడుగాటి పీలిక చీలి వస్తుంది. దాన్ని కొమ్మకు చుట్టి, ముడేసి, ఇంకోటి తెచ్చి, ముందు ఒక వలయం అల్లుతుంది. వలయం నుంచి టోపీ ఆకారం. అక్కడ ఆపి రెక్కలు కొడుతూ పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి, పోచల్ని లాగి చూస్తుంది. నచ్చకపోతే పోతుంది, ఆ గూడు అలాగే వేలాడుతుంది. నచ్చితే మగది కింద గొట్టం అల్లి ముగిస్తుంది. ముగించి, ఆమె గుడ్ల మీద ఉండగానే, పక్కన ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తుంది.

ఈ చివరి సంగతి మన దేశంలో మొదట గమనించి రాసింది సలీం అలీ. 1930 వానాకాలంలో ఆయనకు ఉద్యోగం లేదు. బొంబాయి దగ్గర కిహీం అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో ఉంటూ, ఇంటి దగ్గర చెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్ళను రోజుల తరబడి చూశాడు. ఊరూరా ఉండే పిట్ట, పిల్లలందరికీ తెలిసిన గూడు. అయినా అన్ని వందల ఏళ్ళుగా ఎవరూ ఓపికగా కూర్చుని చూడని సంగతి అందులో ఉంది. ఆయనకు పేరు తెచ్చిన మొదటి పరిశీలన అదే. ఆ తరువాత 1931-32లో మన హైదరాబాదు సంస్థానం పక్షుల సర్వే చేశాడు.

గిజిగాడి మగదానికి తల మీద పసుపు రంగు సంతానకాలంలోనే వస్తుంది. చలికాలంలో అది ఆడదానిలాగే మట్టిరంగులో, పిచ్చుకలా ఉంటుంది. నా పాత నోటుబుక్కు తిరగేస్తే డిసెంబరు పేజీల్లో ఒకచోట "చెరువు గడ్డిలో పిచ్చుకల గుంపు, వేరే ఏమీ లేవు" అని ఉంది. గడ్డి గింజలు తినే ఆ గుంపు గిజిగాళ్ళని ఇప్పుడు తెలుసు. ఆ రోజు బైనాక్యులర్ ఒక్క నిమిషం వాటి ముక్కు మీద నిలిపి ఉంటే తెలిసేది. నేను వెతికేది వేరే ఏదో గనుక నిలపలేదు.

అదే వానాకాలంలో చాతకం పిలుపు ఫోనులో వినిపించి, జూనియర్లకు ఆ పిట్టను బయటికి రప్పించి చూపించాను. నైరుతి వానలతో ఆఫ్రికా నుంచి వచ్చే పిట్ట, నల్లటి జుట్టు, తెల్లటి రొమ్ము, అందరికీ చూడాలని ఉంటుంది. తన జాగాలోకి ఇంకొకడొచ్చాడనుకుని అది ఆ తుప్ప చుట్టూ ఆపకుండా తిరిగింది. తిండి వెతుక్కోవాల్సిన పొద్దుటి పూట దాన్ని అలా లేని శత్రువు వెంట తిప్పడం కూడా ఆ కెమెరా పనిలాంటిదే. తరువాత ఎప్పుడూ అలా చెయ్యలేదు, చేసేవాళ్ళు కనబడితే ఆపమని అడుగుతాను.

ఇక రెండో నష్టం. 2025 మార్చి నెలాఖరున క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో యంత్రాలు దిగి చెట్లు కొట్టడం మొదలైంది. విద్యార్థులు అడ్డం తిరిగారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమని ఆదేశించింది. అప్పటికే దాదాపు 100 ఎకరాల్లో చెట్లు పోయినట్టు కోర్టు ముందుకు నివేదిక వెళ్ళింది. భూమి ఎవరిదన్న తగువులోకి నేను పోను. ఆ రోజుల్లో తెలిసినవాళ్ళు చాలామంది నన్ను అడిగిన ప్రశ్న గురించే చెబుతాను. "నువ్వు అన్నేళ్ళు పిట్టలు చూశావు కదా, ఆ తుప్పల్లో ఏముంటాయి?"

నా పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. చెరువుల దగ్గరివి పేజీలకు పేజీలు ఉన్నాయి. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. తుప్పల వైపువి వెతికితే, రోడ్డు మీద పోతూ ఒక డేగ కనబడిన సంగతి, ఒక చలికాలం ఒకే ఒక్కసారి కనబడిన పిట్ట పేరు. మార్చి చివర, ఏప్రిల్ మొదట ఆ నేల మీద ఏముంటుందో నాకు అప్పటికి తెలుసు. కౌజులు గుడ్ల మీద ఉంటాయి. తీతువులు గుంటలు చేసుకుంటూ ఉంటాయి. కంపల్లో చిన్న ప్రీనియాలు, బాబ్లర్ల గుంపులు. నేను ఎండాకాలాలు చూసినవాణ్ణే, అయినా ఏ తేదీన, ఏ దారిలో, ఎన్ని అన్నది రాసి ఉన్నది చాలా తక్కువ. అలవాటు పోక, ఆ రోజుల్లో కూడా విశేషం అనిపించినవే రాశాను. నెమళ్ళనూ జింకలనూ దేశమంతా చూసింది, అవి పెద్దవి, ఫోనులో పడతాయి. కంపలో ఉండే చిన్న పిట్ట తరఫున చూపించడానికి నా దగ్గర ఉండాల్సిన కాగితం నా దగ్గర లేదు. నాకు తెలుసు అంటే ఎవరూ కాదనరు, కానీ దాన్ని ఎక్కడా దాఖలు చెయ్యలేం.

క్యాంపస్ పిట్టల గురించి నాకన్నా ఓపికగా రాసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పని అక్కరకొచ్చింది, అందుకు సంతోషం. నా బాధ నా ఖాళీ పేజీల గురించి.

పిట్టలు చూసేవాళ్ళు తమ జాబితాలు పంపే ఈబర్డ్ వెబ్‌సైటులో చివర ఒక ప్రశ్న ఉంటుంది. గుర్తుపట్టిన పిట్టలన్నీ ఇందులో రాశారా, అవునా, కాదా అని. నేను ఏళ్ళ తరబడి కాదు అని నొక్కాను, ఆ ప్రశ్న విలువ తెలియక. అవును అని చెప్పిన జాబితాలో ఒక పిట్ట పేరు లేకపోతే, ఆ రోజు అది కనబడలేదని అర్థం. కాదు అని చెప్పిన జాబితాలో పేరు లేకపోతే ఏ అర్థమూ లేదు, కనబడి రాయలేదేమో. ఒక పిట్ట తగ్గుతోందని చెప్పాలంటే మొదటి రకం జాబితాలు కావాలి. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక 942 జాతుల స్థితిని అలాంటి మామూలు జనం రాసిన జాబితాల నుంచే లెక్కగట్టింది. అందులో 178 జాతుల మీద అత్యవసరంగా దృష్టి పెట్టాలంది. గడ్డి నేలలు, తుప్పల నేలల మీద బతికే పిట్టలు బాగా తగ్గాయంది. తగ్గుతున్నవాటిలో పాలపిట్ట ఉంది. ఆ మాట చదివినప్పుడు నా దసరా పేజీలు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ప్రతి పొద్దునా తీగ మీద కనబడిన పాలపిట్టను రాసి ఉంటే, దేశం లెక్కలో ఈ క్యాంపస్ మాట కూడా కొంచెం బలంగా ఉండేది.

ఇప్పుడు రాసే పద్ధతి మార్చాను. సెమిస్టర్లు వదిలేసి, పేజీ పైన కార్తె పేరు వేస్తున్నాను. మా తాతలు విత్తనాలకు వాడిన లెక్క పిట్టలకు సరిగ్గా సరిపోతోంది. రోళ్ళు పగిలే రోహిణిలో తొర్రల్లో పిల్లలు, మృగశిరలో చాతకం, ఆరుద్ర, పునర్వసుల్లో గిజిగాళ్ళు, హస్త, చిత్తల్లో ఉత్తరాది నుంచి దిగే చిన్నపిట్టలు. ఒకే దారి ఎంచుకుని, తుప్పల వైపుదే, అదే దారిలో నడుస్తాను. కాకి నుంచి మొదలుపెట్టి అన్నీ రాస్తాను, సంఖ్యతో సహా. ఏమీ కనబడని రోజు కూడా తేదీ, వేళ, ఎండ వేసి, ఏమీ లేవని రాస్తాను. కొత్త పేరు దొరికిన రోజుల కన్నా ఈ రాత నాకు ఎక్కువ తృప్తినిస్తోంది, ఎందుకంటే దీని అవసరం ఎప్పుడు ఎలా వస్తుందో ఒకసారి చూశాను. గూడు కనబడితే అది ఎక్కడుందో ఎవరికీ పంపను. తీతువు అరుపు మారగానే ఆగుతాను, అది నేల మీద కుంటడం మొదలుపెట్టిందంటే అప్పటికే నేను చాలా దగ్గరికి వచ్చేశానని లెక్క, వచ్చిన దారినే వెనక్కి నడుస్తాను.

చదువు ముగిసి బయట ఉద్యోగం చేస్తున్నా ఆ క్యాంపస్‌కు పోవడం మానలేదు. డిసెంబరు వస్తే కొత్త విద్యార్థులు బైనాక్యులర్లతో చెరువు దగ్గర కలుస్తారు. అన్నా, ఈ వారం ఏం వచ్చాయి, బాతులు దిగాయా అని అడుగుతారు. దిగినవాటిని చూపిస్తాను, నాకూ ఆ సరదా పోలేదు. తరువాత, మే నెలలో హాస్టల్లో ఎవరుంటారని అడుగుతాను. ఎక్కువమంది ఊళ్ళకు పోతారు. ఏదో పని మీద ఆగిపోయేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళను తుప్పల దారికి తీసుకెళ్ళి, కంకర నేల ఎక్కడెక్కడ ఉందో, గూడు ఉందనిపిస్తే ఎంత దూరంలో నిలబడాలో, ఎండెక్కే లోపు ఎందుకు వెనక్కి వచ్చెయ్యాలో చెబుతాను. కార్తెల పేర్లు వేసి గీతలు కొట్టిన ఖాళీ పుస్తకం ఒకటి ఇచ్చి, కౌజు దగ్గర మొదలుపెట్టమంటాను.